దారిచ్చే అమ్మాయి

ఏడాది పొడుగునా ఉక్కపోసే క్లెమెంటీలో మా ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని చదువుకున్న కజకిస్తాన్ అమ్మాయిని తలుచుకుంటే, ముఖం కంటే ముందు ఆమె కుడి అడుగు గుర్తొస్తుంది. రోజూ పొద్దున్నే కాలువ పక్కన ఇద్దరం నడిచేవాళ్ళం. లేని కర్రలేవో పట్టుకున్నట్టు చేతులు ఊపుతూ నడిచేది. వెనక ఎవరి అడుగులు వినపడినా, తిరిగి చూడకుండానే ఒక్క అడుగు కుడికి జరిగేది.

"దారి ఇంత వెడల్పుంది, అంత మర్యాద ఎందుకమ్మా," అని ఒకరోజు విసుక్కున్నాను.

"మంచు మీద కర్రలూనుతూ జారే స్కీలకి ఒకటే గాడి ఆంటీ. వెనకవాళ్ళు 'ట్రాక్' అని కేకేస్తే ముందున్నవాళ్ళు తప్పుకోవాలి. పదకొండేళ్ళు పోటీల్లో నేను ఎక్కువగా చేసింది అదే," అని నవ్వింది. "గెలిచినవాళ్ళందర్నీ వీపు చూసి గుర్తుపడతాను."

ఆమె చెబుతుంటే కాలువ మీది పలచని పొగమంచు ఎక్కడిదో పెద్ద మంచుమైదానంలా పరుచుకునేది. చెమటలు కారుతున్నా నా వేళ్ళు చల్లబడ్డట్టుండేది.

చదువు ముగించుకుని వెళ్ళిపోయే రోజు పొద్దున కూడా నడిచాం. చెప్పు పట్టీ సర్దుకుంటూ నేను వెనకబడ్డాను. ఏం బుద్ధి పుట్టిందో, "ట్రాక్" అని కేకేశాను. ఆమె కుడికి తప్పుకుంది. ఈ మోకాళ్ళతోనే గబగబా ఆమెను దాటేసి, పది అడుగులు పోయి, వస్తోందా లేదా అని వెనక్కి తిరిగాను.

ఆమె అక్కడే నిలబడిపోయింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు ఆంటీ," అంది మెల్లగా. "నన్ను దాటినవాళ్ళెవరూ ఇలా వెనక్కి చూడలేదు."