ఊరి తరఫున మా అన్న చెప్పిన మాట

మా అమ్మ అమ్మిన చేపకి వంక పెట్టినవాళ్లు లేరు. జాలరిపేట ఒడ్డున మా పడవ దించిన చేపని గంపకెత్తుకుని ద్వారకా నగర్ వీధులన్నీ తిరిగేది. అలాంటిది ఒకరోజు వాడుకగా కొనే ఇల్లాలు ఒకావిడ, వండిన పులుసు గిన్నెతో సహా తెచ్చి గుమ్మంలో పెట్టింది. "ఇది చేపా, కిరసనాయిలా?" అని అడిగింది. అమ్మ పులుసులో వేలు ముంచి నాలుక మీద రాసుకుంది. గంప ఎత్తుకుని వచ్చేసింది.

ముందు ఐసుదే తప్పనుకున్నాం. గంప మార్చాం. చింతపండూ పసుపూ పట్టించి కడిగాం. వాసన వదల్లేదు, వాడుక ఇళ్లు మాత్రం ఒక్కొక్కటిగా వదిలేశాయి. ముడి చమురు ఓడలు ఆగే వైపు నీళ్ల మీద నూనె తెట్టు కడుతోందని మగవాళ్లు చెప్పుకునేవారు. తెట్టుకి చేప దూరం జరిగింది. దూరం వెళ్లాలంటే డీజిల్ ఎక్కువ కావాలి. ఎక్కడో ఎడారి దేశంలో బాంబు పడితే ఇక్కడ డీజిల్ రేటు పెరిగి మా పడవ ఒడ్డునే ఉండిపోయేది. చమురు కోసం ఎవరు కొట్టుకుంటున్నారో తెలీదు గానీ, పొయ్యి ఆరేది మా ఇంట్లో.

పేటంతా అర్జీలు పెట్టగా పెట్టగా, చివరికి ఆ తెట్టు మీద విచారణకి అధికారులు వస్తామన్నారు. మా పేటలో ఒక కట్టుబాటుంది. బయటివాళ్ల ముందు ఒక్కరే మాట్లాడాలి, ఆ ఒక్కరు అన్నదే ఊరి మాట, దానికి ఎవరూ ఎదురు చెప్పకూడదు. ఈసారి మా అన్నని నిలబెట్టారు. ఐటీఐ చదివాడు, నాలుగు ఇంగ్లిషు ముక్కలొచ్చు. మేం మురిసిపోయాం.

"నాను సూసుకుంతానమ్మా, నువ్వేటీ మాటాడకు," అన్నాడు అన్న, విచారణ రోజు పొద్దున. అయినా అధికారులకి వాసన చూపిద్దామని అమ్మ గంపతో ముందు వరసలో కూర్చుంది.

అన్న గొంతు సవరించుకున్నాడు. "ఓడలది కాదు సార్. మా ఇంజన్లే పాతవి, ఆయిల్ కారతన్నాయి. పడవలోనే సేపకి అంటుకుంతంది," అన్నాడు.

అమ్మ గంప మీది గుడ్డ తీయబోయి ఆగిపోయింది. ఊరి మాట అయిపోయింది. నేను లేవబోతే అమ్మే చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటాం? ఆ కట్టుబాటు గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

కొన్నాళ్లకే అన్నకి ఆ ఓడలు ఆగే చమురు జెట్టీలోనే పని దొరికింది. వదిననీ పాపనీ గాజువాకలో కొత్తింటికి మార్చాడు. నిలదీస్తే, "ఆయిల్ లేకపోతే నీ స్కూటీ నడుత్తాదేటే?" అని నన్నే ఎదురడిగాడు. నడవదు. కానీ స్కూటీ కోసం నేను మా అమ్మ నోరు మూయించలేదు.

అమ్మ మాత్రం వాణ్ణి ఒక్క మాటా అనలేదు. మనవరాలి పుట్టినరోజుకి మా పడవ తెచ్చిన వాటిలో మంచి వంజరం చేప ఏరి, ముక్కలు కోసి డబ్బాలో పెట్టుకుని బయల్దేరింది. నేనూ వెళ్లాను. వదిన పొయ్యి మీద చేపల కూర ఉడుకుతోంది. అమ్మ మూత తీసి చూసింది. గోదావరి వైపు నుంచి లారీల్లో వచ్చే చెరువు చేప. మా పేటలో ఎవరూ ముట్టరు.

"ఇదేటి నాయినా?" అంది.

అన్న ఆ డబ్బా వైపు చూడలేదు.

"పిల్ల తింతాది కదమ్మా. ఓడల ఆయిల్ తాగిన సేప ఎలాగెట్టమంటావ్?" అన్నాడు.