టోపీ కింద పెరుగు

పెళ్లాన్ని "టైలరమ్మా" అని పిలవడం ఆ బస్సు డ్రైవరుకి సరదా. పరాయి దేశంలో ఓ దుకాణం వెనకగదిలో కూర్చుని ఆవిడ రోజంతా ఎవరెవరివో ప్యాంట్లు పొట్టి చేసి కుడుతుంది కాబట్టి పిలుపు అబద్ధమూ కాదు. ఇంట్లో వంటంతా ఆవిడదే. పెరుగు దగ్గరికి మాత్రం ఆయన ఎవర్నీ రానిచ్చేవాడు కాదు.

ఆ ఊళ్లో పెరుగు దొరక్క కాదు. దుకాణాల్లో డబ్బాలకు డబ్బాలే ఉండేవి. కానీ ఏది కొన్నా తియ్యగా ఉండేది. పెరుగన్నం తప్ప ఇంకేదీ ముట్టని చిన్నకూతురు ఆ ముద్ద ఊసేసేది. వచ్చిన కొత్తలో చిక్కి పుల్లయిపోయింది. ఆయన కాలుగాలిన పిల్లిలా ఊరంతా తిరిగి, చివరికి మన దేశంలో ఉన్న అక్కకి ఫోన్ చేశాడు. ఆవిడ ఉతికిన జేబురుమాలు పెరుగులో ముంచి, నీడన ఆరబెట్టి, ఇటు వస్తున్న వాళ్లెవరితోనో పంపింది. ఆయన ఆ గుడ్డని గోరువెచ్చటి పాలలో వేసి, గిన్నెకి తన ఉన్నిటోపీ తొడిగి, హీటరు పక్కన పెట్టాడు. తెల్లారేసరికి పాలు తోడుకున్నాయి.

"చూశావా టైలరమ్మా! పెరుక్కి కూడా చలేస్తుందే!" అని ఇంటిల్లిపాదినీ లేపాడు. ఆ రోజు నుంచీ, ఆ పెరుగులోంచే చెంచాడు తీసి మర్నాటికి తోడేసేవాడు.

అలాంటి మనిషి డ్యూటీ దిగి ఇంటికొస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు.

ఆవిడ కడుపులో దుఃఖం కంటే పెద్దగా ఒక్కటే పట్టుదల మిగిలింది. ఆయన పెరుగు ఆగిపోకూడదు. అడిగితే ఆడపడుచు ఇంకో జేబురుమాలు పంపుతుంది. ఆయన చేత్తో తోడేసింది ఎవరు పంపుతారు? అంత్యక్రియలకి వెళ్తూ కూడా పెద్దకూతురితో, "గిన్నె జాగ్రత్తమ్మా" అని చెప్పి మరీ వెళ్లింది. పిల్లల దగ్గర పక్కింటావిడ కూర్చుంది.

తిరిగొచ్చేసరికి వంటిల్లు అద్దంలా ఉంది. పక్కింటావిడ, పాపం, ఊరికే కూర్చోలేక అన్నీ తోమిపెట్టి వెళ్లింది. హీటరు పక్కన గిన్నె, గిన్నెకి టోపీ ఉన్నాయి. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురికీ పెరుగన్నం కలిపింది. మొదటి ముద్దకే నాలుక మీద తీపి తగిలింది. చెత్తబుట్టలో, కాయితాల అడుగున, దుకాణం పెరుగు డబ్బా అంచు కనపడుతోంది. పులిసిన పాలనుకుని పక్కింటావిడ పారబోసి ఉంటుంది. అది చూసి పెద్దది పరిగెత్తి కొనుక్కొచ్చి తోడేసి ఉంటుంది.

పెద్దది కన్నార్పకుండా తల్లినే చూస్తోంది. "బాగా తోడుకుందా అమ్మా?"

ఆవిడ ఇంకో ముద్ద చేతిలోకి తీసుకుంది. "బంగారంలా తోడుకుందమ్మా. అచ్చం మీ నాన్న పెరుగే."

పెద్దది ఊపిరి వదిలి, ఇన్నాళ్లకి ఆకలిగా తినడం మొదలెట్టింది.

చిన్నది మాత్రం ముద్ద ఊసేసింది. "ఇది నాన్నది కాదు."

"నాన్నదే! నోర్మూసుకుని తిను!" ఎన్నడూ చెయ్యెత్తని తల్లి ఆ పిల్ల వీపు మీద ఒక్కటి వేసింది. వేసి, తనే బావురుమంది.

చిన్నది బిత్తరపోయి అమ్మ ముఖం చూసింది. వెక్కుతూనే ఇంకో ముద్ద తీసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని మింగింది.

"నాన్నదేలే అమ్మా," అంది.