అరోరా రైల్లో మూడుకాళ్ల తాబేలు

శనివారం ఉదయం ఎనిమిది నలభైకి మా ఊరు అరోరాలో షికాగో రైలెక్కాం. డే పాస్ ఏడు డాలర్లు, రానూపోనూ అదే సరిపోతుంది.

నాతో వచ్చిన సునీత మా పక్క వీధి అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. మూడేళ్లుగా సాయంత్రాలు కూర్చుని ప్రాచీన చైనా పురాణగాథలు చదువుతోంది. ఉద్యోగం మానేసి పూర్తిగా ఆ చదువులోకే వెళ్లాలని కోరిక. పన్నెండుకి విశ్వవిద్యాలయంలో ఒక ప్రొఫెసర్‌ని కలవాలి. ఆవిడ విద్యార్థిగా తీసుకుంటానంటేనే వీసా మార్పు, మిగతా సంగతులు. డ్రైవ్ చేసే ధైర్యం లేదని రైలన్నది, తోడుకు నన్ను పిలిచింది.

దారిలో లాప్‌టాప్ తెరిచి వరసలూ గడులుగా పట్టిక వేసుకున్న తన పని చూపించింది. మహా వరదను ఆపబోయి ప్రాణం పోగొట్టుకున్న వీరుడి కథ అది. చనిపోయాక అతడు ఎలుగుబంటి అయ్యాడని కొన్ని పాత గ్రంథాలు, మూడుకాళ్ల తాబేలు అయ్యాడని కొన్ని, డ్రాగన్ అని ఇంకొన్ని.

"అన్నీ డూప్లికేట్సే అంకుల్. క్లీన్ చేసి ఎలుగుబంటి ఒక్కటే ఉంచాను."

ఆఫీసులో ఆమె రోజూ చేసే పనే. నేనూ పత్రికలో ముగ్గురు విలేకరుల కాపీని ఒక్క వార్తగా కుట్టిన డెస్కు మనిషిని. చక్కగా ఉందన్నాను.

నేపర్‌విల్‌లో ఎక్కి మా పక్కన కూర్చున్న చైనా పెద్దావిడ కూరగాయలకు చైనాటౌన్ వెళుతోంది. తెర మీది చైనా అక్షరాలు చూసి, "తాబేలు ఏది? మా అమ్మమ్మ తాబేలనే చెప్పేది" అని ఇంగ్లిష్‌లో అడిగింది. సునీత నవ్వి ఊరుకుంది. నేను అలవాటు కొద్దీ నోటుబుక్కులో రాసుకున్నాను.

పదింటికి షికాగో. అక్కణ్ణుంచి బస్సు. క్యాంపస్ బెంచీ మీద చలిగాలిలో సునీత తెచ్చిన పులిహోర తిన్నాం.

ప్రొఫెసర్ ఫైలంతా చూసి, తీసేసిన వరసలు ఏవని అడిగింది. వెనకటి పండితులు తునకలన్నీ అతికి ఒకే కథ చేసేవారట. ఇప్పుడు ఏ మాట ఎవరు, ఎక్కడ, ఎందుకు చెప్పారో విడివిడిగా ఉంచి చూస్తున్నారు. తవ్వకాల్లో దొరికిన వెదురు బద్దల మీది రాతలూ, ఇళ్లల్లో ఇప్పటికీ చెప్పుకునే కథలూ ఆ లెక్కలోకే వస్తాయి.

"నువ్వు తుడిచేసిందే నేను చదివేది" అన్నది ఆవిడ నెమ్మదిగా. తీసుకుంటాననలేదు, తీసుకోననీ అనలేదు. అన్ని వరసలతో శుక్రవారం లోపల మళ్లీ పంపమన్నది.

రెండు నలభై రైలుకి తిరుగు ప్రయాణం. నాలుగైదు స్టేషన్లు దాటాక సునీత లాప్‌టాప్ ఒళ్లోకి తీసుకుంది.

"ఇదే ఆఫీస్‌లో చేస్తే శభాష్ అనేవాళ్లు అంకుల్."

"నేనూ అన్నానుగా అమ్మా."

నవ్వేసింది. పాత ఫైలు తెరిచి తాబేలును, డ్రాగన్‌ను ఒక్కొక్క వరసగా వెనక్కి తెచ్చుకోసాగింది. కాసేపటికి చేతులు ఆగాయి.

"పొద్దున ఆ మామ్మ చెప్పింది కూడా పెట్టాలి. కనీసం పేరు అడగలేదు."

నోటుబుక్కు తీసి చదివాను: ఎనిమిది యాభై ఎనిమిది, నేపర్‌విల్ దాటాక, అమ్మమ్మ దగ్గర విన్న మాట, తాబేలు.

షికాగో వెళ్లి సరస్సు చూడకుండా తిరిగొచ్చింది ఆ రోజు మేమిద్దరమేనేమో. ఆ లోటు అనిపించలేదు. అరోరాలో తలుపులు తెరుచుకునే వేళకు సునీత ఆ వరస పూర్తిచేసింది. చెప్పినవారి పేరు గడిని ఖాళీగానే ఉంచి సేవ్ చేసింది.