వ్రతం నాడు మాయమైన పిస్టల్

2023 శ్రావణమాసం. వర్జీనియాలోని షాంటిలీ. నేను చేసే పని ఏమిటో చెబితే మనవాళ్ళు ముందు నవ్వుతారు. తర్వాత నా చీర వంక చూసి, "మీరా? తుపాకులా?" అంటారు. అవును, నేనే. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం పోయాక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ తెచ్చుకుని కన్సీల్డ్ క్యారీ క్లాసులు మొదలుపెట్టాను. కన్సీల్డ్ క్యారీ అంటే బయటికి కనిపించకుండా బట్టల కింద పిస్టల్ పెట్టుకుని తిరగడం. దానికి ఇక్కడ కోర్టు పర్మిట్ ఇస్తుంది. ఆ పర్మిట్ కావాలంటే నాలాంటి వాళ్ళ దగ్గర నేర్చుకున్నట్టు రుజువు చూపించాలి.

ఈ పనిలోకి వచ్చాక నాకు అనుమానం బాగా ముదిరింది. క్లాసుకి ఎవరొచ్చినా ముందు మొహం చూస్తాను. పెళ్ళాం మీద కోపంతో వచ్చాడా, పక్కింటివాడితో గొడవపడి వచ్చాడా, బతుకు మీదే విసుగు పుట్టి వచ్చాడా అని. అందుకే మొదటిరోజే అడుగుతాను, గన్ ఎందుకు అని.

సుధాకర్‌ని అలా అడిగితే మొహం చిట్లించాడు. నలభై దాటినవాడు, మంచి ఉద్యోగం, అమెరికా సిటిజన్‌షిప్ అప్పుడే కొత్తగా వచ్చింది. "ఇది నా రైట్ అండీ. కాన్‌స్టిట్యూషన్‌లో ఉంది. రైట్‌కి రీజన్ చెప్పాలా?" అన్నాడు. సెకండ్ అమెండ్‌మెంట్‌ని, అంటే ఆయుధం ఉంచుకునే హక్కు గురించి రాజ్యాంగంలో ఉన్న ఆ వాక్యాన్ని, గడగడా అప్పజెప్పాడు కూడా.

"చెప్పక్కర్లేదు నాయనా. చెబితే నాకు రాత్రి నిద్రపడుతుంది, అంతే" అన్నాను.

అప్పుడు చెప్పాడు. మన ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలకి తెలిసిపోయింది, వాళ్ళ వెనక వీధిలో ఒక తెలుగువాళ్ళ ఇల్లు పట్టపగలే దోచేశారు. ఆ భయాన్ని నేను తప్పు పట్టలేదు. నేర్పాను, శ్రద్ధగా నేర్చుకున్నాడు. కాకపోతే ఎప్పుడూ సిద్ధంగా ఉండాలన్న పిచ్చి మరీ ఎక్కువ. ఛాంబర్‌లో, అంటే తూటా పేలే గదిలో, ఎప్పుడూ ఒక తూటా ఎక్కించే ఉంచేవాడు. ట్రిగ్గర్ నొక్కితే చాలు.

సుధాకర్ వాళ్ళ ఇంటి కింద బేస్‌మెంట్‌లో మౌనిక అద్దెకుండేది. కరీంనగర్ పిల్ల, మాస్టర్స్ చదువుతోంది, స్టూడెంట్ వీసా. ఆ ఎండాకాలంలోనే ఒకసారి సుధాకర్ భార్య దగ్గర నంబరు తీసుకుని నాకు ఫోన్ చేసింది. బస్సు దిగి నడిచొస్తుంటే ఎవడో వీధి చివరిదాకా వెంటపడ్డాడట.

"నేను గూడ నేర్చుకుంట ఆంటీ. గన్ ఒకటి కొనుక్కుంట."

చట్టం చెప్పాను. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ ఉంచుకోకూడదు. వేటకి లైసెన్స్ తీసుకుంటే మినహాయింపు ఉంది. కొందరు కుర్రాళ్ళు ఆ దారిన కొంటున్నారు కూడా. నువ్వు మాత్రం ఆ జోలికి పోకు, ఏ చిన్న తేడా వచ్చినా చదువూ పోతుంది, వీసా పోతుంది అన్నాను.

"మరి నా పానం ఆంటీ?"

పెప్పర్ స్ప్రే కొనుక్కోమన్నాను. ఆ సమాధానం నాకే చప్పగా అనిపించింది. పైగా ఫోన్ పెట్టేశాక ఇంకో అనుమానం పట్టుకుంది, ఈ పిల్ల ఊరుకుంటుందా అని.

వరలక్ష్మీ వ్రతం శుక్రవారం సాయంత్రం సుధాకర్ భార్య లావణ్య పేరంటానికి పిలిచింది. ఆఫీసుల నుంచి తిన్నగా వచ్చిన ఆడవాళ్ళందరం పైన వాళ్ళ బెడ్‌రూమ్‌లో తలుపేసుకుని చీరలు కట్టుకుంటున్నాం. ఒకరి కుచ్చిళ్ళు ఒకరు సర్దడం, పిన్నీసుల కోసం వెతుకులాట, ఒకటే నవ్వులు. కింద అమ్మవారి ముందు లావణ్య నగలన్నీ ధగధగలాడుతున్నాయి. వీధి తలుపు బార్లా తీసి ఉంది. ఆ తలుపు దగ్గర సుధాకర్ కాపలా నిలబడ్డాడు. చొక్కా కింద కుడివైపు ఉబ్బెత్తుగా ఉంది. మామూలు కళ్ళకి కనిపించదు, నా కళ్ళకి లోపలికి వచ్చేటప్పుడే కనిపించింది.

హారతి వేళకి కింద నుంచి లావణ్య కేకేసింది. "ఏమండీ, ఆ తోలు బెల్టూ అదీ తీసేసి పంచె కట్టుకు రండి! అమ్మవారి గదిలోకి తోలుతో వస్తారా ఎవరైనా?"

మేం కిందికి దిగేసరికి అతను పంచెతో వచ్చాడు. ఉబ్బెత్తు లేదు. సేఫ్‌లో పెట్టి ఉంటాడులే అనుకున్నాను. హారతి కళ్ళకద్దుకుని, తాంబూలం సంచి తీసుకుని ఇంటికి వచ్చాను. పసుపు రాసిన కాళ్ళు ఇంకా కడుక్కోనే లేదు, ఫోన్ మోగింది.

"పద్మగారూ, పిస్టల్ కనపడటం లేదండీ. సేఫ్‌లో పెట్టాను, ఇప్పుడు లేదు." సుధాకర్ గొంతు.

"పోలీసులకి చెప్పావా?"

"ముందు మీరు రండి. ఎవరు తీశారో నాకు తెలుసు."

నేను వెళ్ళేసరికి మౌనికని పైకి పిలిచి హాల్లో నిలబెట్టాడు. లావణ్య సోఫాలో కూలబడి ఏడుస్తోంది. సాయంత్రమంతా ఇంట్లో తిరిగి, సంచులు పంచి, సాయం చేసిన పిల్ల మౌనికే. తుపాకీ కావాలన్నదీ మౌనికే. ఆ మాట లావణ్య ద్వారా సుధాకర్‌కి ముందే తెలుసు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ పిల్ల మీదికే అనుమానం పోయింది.

"బేస్‌మెంట్ ఒకసారి చెక్ చేద్దాం. అయిపోతుంది" అన్నాడు సుధాకర్.

"వద్దు అంకుల్. నా రూమ్‌లకు రావద్దు."

"ఎందుకు? ఏం దాచావేంటి?"

"నేనేం దాయలే. అయినా రావద్దు."

"దాచకపోతే చూపించడానికి ఏం నొప్పి?"

"ఎందుకు జూపియ్యాలె?"

"పోలీసుల్ని పిలుస్తాను. నీ పేరే చెబుతాను. తర్వాత నీ వీసా సంగతి నువ్వే చూసుకో."

ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. "పిలుసుకోండి. ఆళ్ళొచ్చినా వారెంట్ ఉందా అనే అడుగుత" అంది.

వారెంట్ అంటే తలుపు తీయించడానికి జడ్జి ఇచ్చే ఉత్తర్వు. అది లేకుండా పోలీసులు ఇంట్లో వెతక్కూడదని రాజ్యాంగంలో ఉంది. సెకండ్ తర్వాత రెండు మెట్లు దిగితే కనిపించే ఫోర్త్ అమెండ్‌మెంట్ అది. సుధాకర్ దానిదాకా చదవలేదేమో! నాకు కూడా ఒళ్ళు మండింది. అంత మొండితనం ఎందుకు, తలుపు తీసి చూపిస్తే క్షణంలో తేలిపోతుంది కదా అనిపించింది. అప్పుడే ఇంకోటి తట్టింది. కారణం చెప్పనన్నందుకు సుధాకర్‌కి నేను క్లాసు మానిపించలేదు. అతనికి చెల్లిన మాట ఈ పిల్లకి ఎందుకు చెల్లదు?

సరే, గది సంగతి పక్కన పెట్టి నా పని మొదలుపెట్టాను. ఆయుధం పోయినప్పుడు చివరిసారి ఎవరి చేతిలో ఉందో, వాళ్ళ దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

"సేఫ్ ఎక్కడుంది సుధాకర్?"

"పైన, మా బెడ్‌రూమ్ క్లోజెట్‌లో."

"హారతికి ముందు అందులోనే పెట్టావా?"

"అదే కదండీ చెబుతున్నాను."

"హారతి గంట మోగేదాకా ఆ గదిలో మేం చీరలు కట్టుకుంటున్నాం. తలుపు గడియ పెట్టింది నేనే. నువ్వు లోపలికి ఎలా వచ్చావయ్యా?"

లావణ్య ఏడుపు ఆపి మొగుడి వంక చూసింది. "ఏవండీ?"

అప్పుడు కక్కాడు. పైకి వెళితే గది నిండా ఆడవాళ్ళు. కింద లావణ్య కేకలు. పంచె అంటే కింద తను ఆఫీసు పని చేసుకునే గదిలోనే ఉంది, పిస్టల్ ఎక్కడ పెట్టాలి? ఏం చేయాలో తోచక హోల్‌స్టర్‌తో సహా, అంటే తోలు ఒరతో సహా పిస్టల్‌ని ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళి తాంబూలం సంచులున్న అట్టపెట్టెలో అడుగున ఉన్న సంచిలో దోపాడు. పైన జాకెట్ ముక్క కప్పాడు. అడుగువి ఎలాగూ మిగిలిపోయేవే కదా అని ధైర్యం. అందరూ వెళ్ళాక చూస్తే పెట్టె ఖాళీ.

"మరి సేఫ్ అని ఎందుకు చెప్పావు?"

"పర్మిట్ పోతుందని... మౌనికే కదండీ సంచులు పంచింది. బరువు తెలియకుండా ఉంటుందా, తీసి దాచి ఉంటుందనుకున్నా."

ఓరి నీ అసాధ్యం కూలా! తుపాకీ ఊరి మీద పడిందన్న సంగతి తెలిసి కూడా, దాన్ని ఒప్పుకోలేక ఆ పిల్ల నెత్తిన రుద్దాడు. చెయ్యెత్తబోయి ఆపుకున్నాను.

"చివరి సంచులు మౌనిక ఇవ్వలేదు. అనుకోకుండా ఎక్కువమంది వచ్చారని నేనే అడుగున ఉన్నవి తీసి ఇచ్చాను" అంది లావణ్య. "పద్మక్కా, గ్రూపులో మెసేజ్ పెట్టనా, సంచులు తెరవద్దని?"

"వద్దు. తెరవద్దంటే ముందు పిల్లలే తెరుస్తారు. ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్."

మొదటి ఆవిడ సంచిలో అరటిపళ్ళే ఉన్నాయి. రెండో ఫోన్ సునీతకి. వాళ్ళ ఇల్లు గంట దూరం, ఇద్దరు పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని ఇంకా కారులోనే వెళుతోంది. లావణ్య స్పీకర్ నొక్కింది.

"సునీతా, తాంబూలం సంచి ఎక్కడుందే?"

"వెనక సీట్లో. ఎంత బరువుందే బాబూ, ఇత్తడి కుంది పెట్టావా ఏంటి? ఒరేయ్, లాగకురా! చాక్లెట్లు లేవు అందులో!"

నేను ఫోన్ లాక్కున్నాను. "సునీతా, నేను పద్మని. కారు పక్కకి ఆపు. సంచి ముట్టుకోవద్దని వాడికి చెప్పు. ఇద్దర్నీ కిందికి దింపు. ఎందుకని అడక్కు."

"అయ్యో, ఏమైంది అక్కా?"

"ముందు దింపవే తల్లీ!"

తలుపులు తెరుచుకున్న చప్పుడు, చిన్నవాడి ఏడుపు వినబడ్డాయి. దింపాను అక్కా అని సునీత అన్నాక, ఎక్కడ ఆగిందో అడిగి బయల్దేరాను. వెళ్ళి చూస్తే జాకెట్ ముక్క సీటు మీద పరిచి ఉంది. సంచిలోంచి ఒర సగం బయటికి వచ్చింది. మ్యాగజైన్, అంటే తూటాల డబ్బీ, ఊడదీశాను. పైభాగం వెనక్కి లాగితే ఛాంబర్‌లోని తూటా ఎగిరి రోడ్డు మీద పడింది. అది చూసి సునీత పిల్లలిద్దర్నీ పొట్టకి అదుముకుని రోడ్డు పక్కనే కూలబడింది. ఆ చిన్నవాడికి ఐదేళ్ళు.

జరిగింది దాచకుండా పోలీసులకి సుధాకర్ చేతే చెప్పించాను. పర్మిట్ సంగతి వాళ్ళు చూసుకున్నారు, నేనేమీ వెనకేసుకు రాలేదు. ఈ కేసు తర్వాత నా క్లాసు మారింది. పంచె కట్టుకునే రోజు, గుడికి వెళ్ళే రోజు, ఇంటినిండా చుట్టాలుండి మీ గదిలోకి మీరే వెళ్ళలేని రోజు పిస్టల్ ఎక్కడ పెడతావని అడుగుతాను. దానికి జవాబు దొరికేదాకా గురి చూడటం నేర్పను.

మౌనికకి సుధాకర్ సారీ చెప్పాడు. చెబుతూనే, "నువ్వు కూడా రూమ్ చూపించేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదమ్మా" అన్నాడు. ఆ పిల్ల వారంలో వేరే గది చూసుకుంది. సామాను చేరవేయడానికి నా కారు తీసుకెళ్ళాను. బేస్‌మెంట్ మెట్ల దాకా దిగాను కానీ గడప దాటలేదు. తనే ఒక్కొక్క పెట్టె తెచ్చి ఇచ్చింది. ఏ పెట్టె అందుకున్నా నా కన్ను జిప్పు మీదికే పోతోంది. ఇంతకీ ఆ గదిలో ఏముంది? బాయ్‌ఫ్రెండ్ బట్టలా? ఎవరికీ తెలియని మందులా? పోనీ నేను వద్దన్న తుపాకీ ఇంకొకటా?

"అడగాలని ఉంది గదా ఆంటీ?" అంది కారెక్కుతూ.

"లేదు" అన్నాను. పచ్చి అబద్ధం.

"అంకుల్‌కి అన్నీ ఉన్నయి ఆంటీ. ఇల్లుంది, గన్నుంది, పాస్‌పోర్టుంది. నాకు ఈడ ఉన్నదే ఆ తలుపు. అడిగినోళ్ళకల్లా అది గూడ తీస్తే, ఇగ నాకేం మిగుల్తది?"