నడిమి డబ్బాల మాటలు

నాకు అక్షరాలు రాలే, గందుకే ఇన్నేండ్లు ఏమీ రాయలే. సిరిసిల్లల బడి ఈడంతా నూలు కండెలు చుట్టుడుతోనే గడిచింది. మొన్నమొన్న కోరుట్లల బిడ్డ ఇంటికాడ ఉన్నప్పుడు ఆమే నాతోటి తెలుగు అక్షరాలు దిద్దించింది, తర్వాత ఇంగ్లీషు పెద్ద అక్షరాలు గూడ. అవి వచ్చినంక ముందుగాల రాయాలనుకున్నది గీ సంగతే.

మా ఆయన సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుతడు. కొన్ని నెలల సంది టీవీ మీద కోపం పట్టుకున్నది. "దీని గొంతు పోయిందే," అనుకుంట సౌండు పెంచేటోడు. పక్కింటోళ్లు గోడ గుద్దేటోళ్లు. నాకైతే టీవీ మంచిగనే వినబడేది. ఒకసారి చెవులు చూపిద్దామన్న. గయ్యిమన్నడు.

"నా చెవులకేమైంది? నీతోటి మాట్లాడుతలేనా?"

నిజమే, నాతోటి మంచిగనే మాట్లాడేటోడు. అయినా నాకు భయం పోలే. సాంచె చప్పుడు మారింది వినబడక, నడుస్తున్న దాంట్ల చెయ్యి పెట్టి వేళ్లు పోగొట్టుకున్నోళ్లను మా షెడ్డులనే చూసిన.

"సౌండు డబ్బాలు తెద్దాం. తప్పు టీవీదో నాదో గప్పుడు తెలుస్తది," అన్నడు. సరే అన్న.

కోరుట్లల బిడ్డను తోలుకొని షాపుకు పోయినం. షాపాయన రెండు రకాలు చూపెట్టిండు. టీవీ కింద పెట్టే పొడుగుది ఒకటి, అయిదు చిన్న డబ్బాలు ఒక పెద్ద డబ్బా ఉన్నది ఇంకొకటి.

"పొడుగుదైతే వైర్ల లొల్లి ఉండదు పెద్దమ్మ. అయిదు డబ్బాలదైతే మాటలు నడిమి డబ్బాలకెళ్లి వేరుగ వస్తయి. తక్కువ ధరల ఈ అయిదు డబ్బాలదే మంచిది."

మాటలు వేరుగ వస్తయంటే నా మనసు అటే పోయింది. మా ఆయన మాత్రం పెద్ద డబ్బా మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డడు. షాపుల పెట్టిన పాట దరువుకు చెయ్యి అదిరింది. "గిది ఖడక్ ఉన్నది. గిదే కావాలె," అన్నడు.

"ఏంది బాపూ, చేతితోటి వింటున్నవా?" అని ఎనుకకెళ్లి బిడ్డ నవ్వింది. ఆయన తిరగలే.

సెలవు నాడు ఇంట్ల బిగించుడు మొదలుపెట్టినం. బిడ్డ ఫోన్ల చెప్పింది, "టీవీ ఎనుక ఏ, ఆర్, సీ అని రాసున్న బొక్కల వైరు పెట్టమ్మా." ఒక్క తీరు బొక్కలు రెండున్నయి. ముందుగాల పక్కనున్న దాంట్ల గుచ్చిన, సప్పుడు లేదు. టార్చి పట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని అసలు దాంట్ల గుచ్చిన. పాట మొదలైంది. పక్కల డబ్బాలు పలికినయి, ఎనుకయి పలికినయి. నడిమిది పలకలే.

మా ఆయన దాని మీద చెయ్యి పెట్టి చూసిండు. "గిది సచ్చింది. నేను చెప్పలేదా? అన్నీ ఖరాబువే," అన్నడు. ఆ మొఖంల ఎంత నిమ్మళమో!

నేను వైరు వెంబడి పోయి చూసిన. పొట్టిగున్నదని ఆయన ఇంకో ముక్క కలిపిండు. ఎట్లనంటే, పోగు తెగితే సాంచె మీద వేసే ముడి వేసిండు. సన్నగ, గట్టిగ. పైన ప్లాస్టిక్ గట్లనే ఉన్నది.

"ఇది నూలు పోగా, ముడేస్తే కలవనీకి?"

"ఇన్నేండ్లల నా ముడి ఊడిందా ఎన్నడన్న?"

స్విచ్ బంద్ చేసి ముడి కోసిన. కత్తితోటి ప్లాస్టిక్ గీకి, చార ఉన్నదానికి చార ఉన్నది మెలేసి టేపు చుట్టిన.  ఇప్పుడు మాట వస్తే ఇంక తప్పు మోపనీకి వైరు గూడ ఉండదు.

స్విచ్ వేసిన. వార్తలు చదివే పిల్ల మాట నడిమి డబ్బాలకెళ్లి గిన్నెల నీళ్లు పోసినట్టు వచ్చింది. తెర మీద మాత్రం ఆమె లేదు. వడ్ల కుప్పలు కనబడుతున్నయి.

"ఏమంటున్నది?" అని అడిగిన.

"వడ్లు కొంటరట."

ఆమె చెప్పింది వాన గురించి. రెండు దినాలు వానలు పడతయి, వడ్లు కప్పుకోండ్రి అన్నది.

అంతల ఆ పిల్ల మొఖం తెర మీదికి వచ్చింది. ఇప్పుడు ఆమె అన్నది అన్నట్టు చెప్పిండు. మళ్ల బొమ్మలు రాంగనే తప్పిండు.

గప్పుడు నాకు సమజైంది. సాంచెల మోతల గొంతుతోటి ఎవ్వలం మాట్లాడం. ఎదురుంగ నిలబడి పెదవులతోటి, చేతులతోటి చెప్పుకుంటం. ఇంటికొచ్చినా మాకు గదే అలవాటు. ఇన్ని దినాలు ఆయన నా మాట విన్నది లేదు, నా మూతి చూసిండు.

టీవీ బంద్ చేసి ఆయన ఎనుక నిలబడ్డ. "చాయ్ తాగుతవా?" అన్న. కదలలే. గట్టిగ అన్న. రిమోట్ చూసుకుంటనే ఉన్నడు. ముందుకు వచ్చిన. నా మొఖం చూడంగనే ఆయన మొఖం మాడింది.

"పిలిచినవా?"

"పిలిచిన."

"సాంచెలు బంద్ చేయమంటవ్, అంతేనా?"

"చేతులు ఉండాలంటున్న."

ఆ రాత్రి ఆయన బువ్వ సరిగ తినలే.

తెల్లారి ఆయన టిఫిన్ డబ్బా పట్టుకొని షెడ్డుకు బయలెల్లిండు. నేను ఆయన కన్నా ముందు పోయి, అందరి ముంగట షెడ్డు నడిపే ఆసామికి చెప్పిన, "ఈయన చెవులు చూపియ్యాలె. డాక్టర్ చెప్పేదాక సాంచె మీదికి రానియ్యకు." మా ఆయన షెడ్డు గడప కాడనే ఆగి నన్ను గుర్రుగ చూసిండు. నేను ఆయన చేతిల డబ్బా గుంజుకొని బస్టాండుకు నడిచిన. ఎనుకకు తిరిగి చూడలే. చెవుల డాక్టర్ ఉండే జగిత్యాలకు పోయే బస్సు ఎక్కి కూసున్నంక, ఆయన వచ్చి నా పక్కన కూసున్నడు.