ఇసుక మూట

ఫైర్ స్టేషన్‌లో అతన్ని అందరూ చీమ అనేవారు. ఎప్పుడు చూసినా భుజాన ఏదో ఒక బరువుండేది. తెల్లవారకముందే ఇసుక మూట వేసుకుని, గొట్టాలు ఆరేసే గోపురం మెట్లెక్కేవాడు, దిగేవాడు, మళ్ళీ ఎక్కేవాడు. ఏడాదికోసారి అక్కడే పరీక్ష. తడిసిన గొట్టం చుట్ట మోసుకుంటూ, ఈల ఊదేలోగా పైకి చేరాలి. చేరనివాణ్ణి ఫోన్ గదిలో కూర్చోబెడతారు. అలా ఇంజన్ దిగినవాడు మళ్ళీ ఎక్కింది లేదు. కిందటేడు చీమ చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు గట్టెక్కాడు.

అతని బావమరిదిదీ అక్కడే ఉద్యోగం. మంచం దిగడమే మహా కసరత్తు అనుకునే రకం. అయినా గొట్టంతో పైకెక్కి, అక్కడ నిలబడి కూనిరాగాలు తీసేవాడు. దేవుడు కొందరికి ఊపిరి కొలవకుండా పోస్తాడు కాబోలు. చీమ చెమట మాత్రం బూడిదలో పోసిన పన్నీరే అయింది. అసూయపడ్డాడు, పడినందుకు సిగ్గూపడ్డాడు.

పరీక్ష ముందురోజు కూడా మూట ఎత్తబోతే బావమరిది అడ్డొచ్చాడు.

“బావా, ఇవాళైనా ఒంటికి కాస్త తీరిక ఇవ్వు.”

“నీకేంరా, పుట్టుకతో వచ్చింది. నేను సంపాదించుకోవాలి,” అని మెట్లెక్కేశాడు చీమ.

మర్నాడు ఆఖరి మలుపులో మోకాళ్ళు వణికాయి. గోడకి ఆనుకున్నాడు. కింద ఈల వినిపించింది.

డాక్టరమ్మ పరీక్షించి ఓదార్చింది. “కొందరి ఒళ్ళు కసరత్తుకి ఇట్టే మారుతుంది. కొందరిది ఎంత చేసినా అంతంతమాత్రమే. మీ తప్పేం లేదు. కొన్నాళ్ళు బరువులెత్తకండి.”

“తప్పు నాదైతే దిద్దుకునేవాణ్ణి కదమ్మా,” అన్నాడు.

చీమ ఫోన్ గదిలో చేరాడు. ఇక మూటతో పనేముంది? దాన్ని ముట్టలేదు. ఫోన్ వస్తే గంట కొట్టేవాడు. కుర్రాళ్ళు పరుగెత్తేవారు, ఇంజన్ వెళ్ళిపోయేది, అతను కుర్చీలోనే ఉండేవాడు. ఇంట్లో భార్య పలకరిస్తే విసుక్కునేవాడు.

కొన్ని వారాలకి ఒక మధ్యాహ్నం ఇంజన్ తిరిగొచ్చింది. అందరూ మసిగొట్టుకుని, అలసిపోయి నేలమీదే చతికిలబడ్డారు. తడి గొట్టం ఆరేయాలి. చీమ దాన్ని భుజానికెత్తుకుని మెట్లెక్కాడు. ఏవో ఆలోచనల్లో ఉండి ఆఖరి మలుపు ఎప్పుడు దాటాడో గమనించలేదు. పైకి చేరి గొట్టం కొక్కేనికి తగిలించాక తెలిసింది, ఆయాసం లేదు. మోకాళ్ళు నిబ్బరంగా ఉన్నాయి.

“బావా! ఎక్కడా ఆగకుండా ఎక్కేశావే!” కింద నుంచి బావమరిది సంబరంగా కేకేశాడు.

చీమ పై మెట్టు మీద కూలబడి ఏడ్చాడు. ఒంటికి ఒక్కరోజైనా తీరిక ఇవ్వలేదు. తప్పు తనదే.