శవం లేచి నవ్వాలి

పడుకోవడమే పనిగా బతికిన మనిషిని లేపి నిలబెట్టే బాధ్యత తెచ్చి నా నెత్తిన పెట్టారు. నేను ఫిలింనగర్ దగ్గర ఒక ఆసుపత్రిలో ఐసీయూ నర్సుని. ఆయన సినిమాల్లో శవం వేషాలకు పెట్టింది పేరు. ముక్కు మీద ఈగ వాలినా రెప్ప కదపడంటూ డైరెక్టర్లు ఆయన్నే పిలిచి మరీ పడుకోబెట్టేవారట. ఆయన చచ్చినన్నిసార్లు ఈ జూబ్లీహిల్స్‌లో ఇంకెవరూ చచ్చి ఉండరు. చివరికి ఒక షూటింగులో పైపులతో కురిపించిన వానలో శవంగా తడిసి తడిసి, న్యుమోనియాతో మా దగ్గరికి వచ్చాడు.

వచ్చేసరికే పరిస్థితి బాగాలేదు. మెడ దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టారు, దాని గుండా వెంటిలేటర్ ఊపిరి పోస్తోంది. మాట రాదు. మెలకువ మాత్రం శుభ్రంగా ఉంది.

"ఊపిరితిత్తులు బాగుపడ్డాయమ్మా, ఒంట్లో కండే కరిగిపోయింది" అన్నారు డాక్టరుగారు. "లేచి నిలబడటం మొదలుపెడితే మిషన్ నుంచి బయటపడతాడు. ఇలాగే పడుకుంటే మాత్రం నేను మాటివ్వలేను."

వెంటిలేటర్‌తో నిలబడటమేంటని బయటివాళ్లు నోరెళ్లబెడతారు గానీ, మాకది మామూలే. ఒకరం గొట్టం పట్టుకుంటాం, ఒకరం మిషన్ జరుపుతాం, ఫిజియోథెరపిస్టు నడుముకు బెల్టు కట్టి పట్టుకుంటాడు. లేవాలని మాత్రం రోగికే అనిపించాలి.

ఈయనకు అనిపిస్తేగా! "బాబాయ్, కాసేపు కూర్చుందామా?" అని నేను అడగడం ఆలస్యం, చచ్చిపోయేవాడు. కళ్లు మూత, మెడ వాలు, చేతులు జారుడు. ఎంత బతిమాలినా, ఎంత విసుక్కున్నా ఉలుకూ లేదు, పలుకూ లేదు. అసలే నాకు కోపం ముక్కు మీదుంటుంది.

మా ఫిజియోథెరపిస్టు పహిల్వాన్‌లాంటి మనిషి. ఆయన కూడా చెమటలు తుడుచుకుంటూ, "సిస్టర్, ఈయన యాక్టింగ్ చేస్తున్నాడా, నిజంగానే పోయాడా?" అన్నాడు.

"మానిటర్ చూడండి సార్, దానికి యాక్టింగ్ రాదు" అన్నాను.

ఒక మధ్యాహ్నం నేను తెర వెనక మందులు సర్దుతున్నాను. ఎవరూ లేరనుకుని ఆయన తన చెయ్యి తానే ఎత్తాలని చూశాడు. కొంచెం లేచి దబ్బున పడిపోయింది. దాన్ని ఎవరిదో చెయ్యి అన్నట్టు చూసుకుని, మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చాడు. ఆయనది బద్ధకం కాదు, భయం. నా కోపం ఎటు పోయిందో పోయింది.

ఆ సాయంత్రం ఆయన భార్య చూడటానికి వచ్చింది. ఆవిడ నన్ను పక్కకు లాగి గుసగుసగా చెప్పింది. "నవ్వలే బిడ్డా! నవ్వకుండనే అంబులెన్స్ ఎక్కిండు. గందుకే లేస్తలేడు."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిడే విడమరిచి చెప్పింది. శవం షాట్ అయిపోగానే, ఆ వేషం వేసినవాడు లేచి కెమెరా వైపు చూసి ఒకసారి నవ్వాలట. నవ్వకపోతే ఆ చావు ఒంటికి అంటుకుంటుందని సినిమావాళ్ల భయం. "గా దినం షాట్ కాంగనే గజగజ వణికిండు. అందరు ఆగమాగమైన్రు. నవ్వు సంగతి మర్శేపోయిన్రు."

ఆదివారం ఆదివారం చర్చికి వెళ్లేదాన్ని, నేనెలా నమ్ముతాను? కానీ ఆయన నమ్ముతున్నాడుగా! తిన్నగా మంచం దగ్గరికి వెళ్లాను. "బాబాయ్, ఆ నవ్వు ఇక్కడ నవ్వేద్దాం. ఫోటో తీద్దాం. కానీ పడుకుని నవ్వితే చెల్లదు కదా? శవం లేచి నవ్వాలి."

శవం టక్కున కళ్లు తెరిచింది.

మర్నాటి నుంచి మనిషే మారిపోయాడు. మంచం అంచున కూర్చోబెడితే కళ్లు తిరిగినా పళ్లు బిగించి కూర్చున్నాడు. ఆ తర్వాత కుర్చీలోకి మారాడు. గడ్డం గీయమని సైగ, తల దువ్వమని సైగ. పౌడర్ కూడా కావాలన్నాడు గానీ, గొట్టం దగ్గర పౌడరేంటని గదిమాను.

ఇక మిగిలింది మా ఇన్‌ఛార్జి సిస్టర్. ఐసీయూలో ఫోన్ కనిపిస్తే ఆవిడకు పూనకమే. "ఇది ఐసీయూ అనుకున్నావా, స్టూడియో అనుకున్నావా?" అని చెడామడా తిట్టింది. సంగతంతా విన్నాక మాత్రం, "సరే, ఫోన్ నేనే పట్టుకుంటా. మీ చేతికిస్తే సాయంత్రానికి ఊరంతా తిప్పుతారు" అంది.

ఆ రోజు రానే వచ్చింది. భార్య తలుపు దగ్గర నిలబడి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఫిజియోథెరపిస్టు బెల్టు పట్టి లేపాడు, నేను గొట్టం పట్టుకున్నాను. కాళ్లు వణుకుతున్నా నిలబడ్డాడు, తలెత్తాడు, నవ్వాడు. ఎంత బాగా నవ్వాడో! వెంటనే కుర్చీలో కూలబడి రొప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం.

తీరా చూస్తే ఫోటోలో ఉన్నది ఇన్‌ఛార్జి సిస్టర్ బొటనవేలు.

"కళ్లజోడు పెట్టుకుని ఏడవచ్చుగా సిస్టర్!" అని అరిచేశాను. పైఅధికారి అన్న సంగతి అరిచాక గుర్తొచ్చింది. ఆవిడ పాపం జేబులో కళ్లజోడు వెతుక్కుంది. కుర్చీలో ఆయనకు చెమటలు పడుతున్నాయి. "రేపు చూద్దాంలే బాబాయ్" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. ఒక వేలు పైకెత్తాడు.

"వన్ మోర్ అంటుండు" అంది తలుపు దగ్గర నుంచి భార్య.

ఫిజియోథెరపిస్టు ఇంకా బెల్టు సర్దుకుంటూనే ఉన్నాడు. ఈలోగా ఆయన ముందుకు వంగి, కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి లేచాడు. తనంతట తానే లేచాడు! గొట్టం ఎక్కడ లాగుతుందోనని పరుగెత్తి పట్టుకోవడం తప్ప నేను చేసిందేమీ లేదు. ఈసారి కళ్లజోడు పెట్టుకుని తీసింది సిస్టర్. ఫోటోలో ఆయన నవ్వుతున్నాడు, పక్కన గొట్టం పట్టుకుని నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను.

తర్వాత కొన్నాళ్లకు వెంటిలేటర్ తీసేశారు, ఆయన తన కాళ్ల మీద ఇంటికి వెళ్లాడు. కానీ నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ రోజే. ఫోటో అయిపోయింది, ఆయన మాత్రం కూర్చోడు. మోకాళ్లు వణుకుతున్నాయి, నవ్వు చెదరలేదు. ఎందుకో అర్థమై, "ఎవరో ఒకరు కట్ చెప్పండయ్యా!" అన్నాను.

"జర ఆగు బిడ్డా" అంది ఆయన భార్య, కళ్లు తుడుచుకోకుండానే. "ఇంకింత సేపు నిలవడనియ్యి. సూడనియ్యి నన్ను."